తొట్టి వెంట వచ్చిన ఆచారం

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఒకటి ఉంటుందని నాకు తెలియదు. ఇరవై రెండేళ్ల వయసు, కొత్త బీఎడ్ సర్టిఫికెట్, అంతకన్నా కొత్త ఫోనూ, అందులో నెట్టూ. ఇంకేం కావాలి చెప్పండి? కోనసీమలో పౌరోహిత్యం చేసుకునే నాన్నగారి కూతుర్ని నేను. కొవ్వూరు దగ్గర పల్లెలో మా మేనత్త ఇంట్లో ఉంటూ, అక్కడి మిషన్ స్కూల్లో తెలుగు చెప్పడానికి చేరాను. (ఈ సంగతి నసుగుతూ చెబితే నాన్నగారు "వాళ్లకి మాత్రం సంధులు వేరే ఉంటాయా అమ్మా, వెళ్లి చక్కగా చెప్పు" అన్నారు.) అయితే ఉద్యోగం తాత్కాలికం. డిసెంబరులో సెలవులిచ్చే ముందు జరిగే సెమీ క్రిస్మస్‌కి రాజమండ్రి నుంచి కరస్పాండెంట్ ఫాదర్ గారు వస్తారు. ఆయన సరేనంటేనే జనవరిలో నేనుంటాను, లేకపోతే పెట్టె సర్దుకుని ఇంటికే. ఆ పెట్టె సర్దుకోవడమన్న మాట తలుచుకుంటేనే నాకు అన్నం సయించేది కాదు.

హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ గారు నన్ను పిలిచి రెండు పనులు అప్పగించారు. "యేసు పుట్టిన పశువుల పాక కట్టించే బాధ్యత ఈ ఏడు మీదేనండి. అలాగే ఈ పండగ ఆచారాలు ఎక్కడ పుట్టాయో ఓ పది నిమిషాలు మాట్లాడాలండి. ఫాదర్ గారు ముందు వరసలోనే కూచుంటారు," అన్నారు. మాట్లాడటం నాకో లెక్కా? వారం రోజులు ఫోను కళ్లకు అంటించుకుని చదివేశాను. మేం సరుగుడు కొమ్మతో సరిపెట్టే క్రిస్మస్ చెట్టు జర్మనీ వైపు నుంచి వచ్చిందట. ఆదాము అవ్వల నాటకంలో ఆపిల్ పళ్లు కట్టిన చెట్టు ఇళ్లలోకి వచ్చిందనీ, ఆ పళ్లే పోనుపోను గాజు గోళాలయ్యాయనీ ఉంది. గ్రీటింగు కార్డుకు మూలం, వచ్చిన ఉత్తరాలన్నిటికీ జవాబు రాసే తీరిక లేని లండన్ పెద్దమనిషి ఒకాయన. కారల్ అంటే మొదట్లో ఉత్త పాట కాదు, గుండ్రంగా తిరుగుతూ పాడుతూ ఆడేదట, అచ్చం మన కోలాటమే. (సెమీ క్రిస్మస్ అన్న మాట ఎక్కడ పుట్టిందో మాత్రం నా ఫోను చెప్పలేకపోయింది. అది అడగొద్దని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.)

ఇక పాక. తాటాకులు కప్పించాను, వరిగడ్డి పరిపించాను, అంతా బాగానే ఉంది. బాల యేసుని పడుకోబెట్టే తొట్టి దగ్గరే వచ్చింది చిక్కు. ఏటేటా బంగారు కాగితం అంటించిన బిస్కెట్ల అట్టపెట్టె పెడతారట. నాకు తల కొట్టేసినట్టయింది. బైబిల్లో పశువుల తొట్టి అని స్పష్టంగా ఉంటే అట్టపెట్టె ఏంటి? తెలుగు టీచరునయి ఉండి మాటకు విలువ ఇవ్వకపోతే ఎలా? మా ఇంట్లో దివ్యమైన తొట్టి ఉంది. అత్తయ్య కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఉన్న పనసచెక్క తొట్టి అది. అత్తయ్య గేదె అందులోనే కుడితి తాగుతుంది. మనుషుల పేర్లు రాయకూడదనుకున్నాను గానీ గేదె పేరు చెబితే తప్పులేదు, దాని పేరు బంగారి.

అడిగితే అత్తయ్య ఇవ్వదు. ఆవిడ మడీ ఆచారం మా ఇంటిల్లిపాదికీ హడలు. సరిగ్గా సెమీ క్రిస్మస్ రోజే ఆవిడ భజన బృందంతో పిఠాపురం వెళ్లింది, చీకటి పడితే గానీ రాదు. ఇంతకన్నా మంచి అదను ఏముంటుంది? తొట్టిని సబ్బుతో తోమి ఆటోలో స్కూలుకి చేరవేశాను. బంగారికి కుడితి ప్లాస్టిక్ టబ్బులో పోసి ముందు పెట్టాను. అది టబ్బు వంకా, నా వంకా చూసి మొహం తిప్పుకుంది. ఆకలేస్తే అదే తాగుతుందిలే అనుకున్నాను.

సాయంత్రం సభ మొదలైంది. బడి ఆవరణ నిండా జనం, ముందు వరసలో ఫాదర్ గారు. బాల యేసు బొమ్మని చివర్లో ఎల్‌కేజీ పాప తెచ్చి పడుకోబెట్టాలి గనక తొట్టిలో అప్పటికి మెత్తటి గడ్డి మాత్రమే ఉంది. నేను మైకు అందుకుని చెట్టూ, కార్డూ, కోలాటమూ ముగించి, "విదేశాల వాళ్లు ఘనంగా తినే క్రిస్మస్ పుడ్డింగు మొదట్లో ఏంటో తెలుసా పిల్లలూ? జావ!" అన్నాను. పిల్లలు పకపకా నవ్వారు. నాలో ఇంత హాస్యం ఉందని నాకే తెలియదు సుమా అనుకుని, "అవును, జావే! కుడితి లాంటి జావ!" అన్నాను. ఈసారి టీచర్లు కూడా నవ్వారు. అప్పుడు నా మెడ మీద వేడి ఊపిరి తగిలింది.

వెనక్కి తిరిగితే బంగారి. పలుపు తెంచుకుని, రెండు వీధులు దాటి, తన తొట్టిని వెతుక్కుంటూ వచ్చేసింది. నన్ను పక్కకి నెట్టి తిన్నగా పాకలోకి నడిచింది. తలకు తువ్వాళ్లు చుట్టుకున్న గొర్రెల కాపరులు పరుగందుకున్నారు, దేవదూతలు బల్లలెక్కారు, ముగ్గురు జ్ఞానుల్లో ఒకడు "అమ్మా" అని ఏడుపు లంకించుకున్నాడు. బంగారి మాత్రం తొట్టిలో మూతి పెట్టి నింపాదిగా గడ్డి నమలసాగింది. సిస్టర్ గారి మొహంలో నెత్తురు చుక్క లేదు. నా కళ్ల ముందు పెట్టె కనబడింది, సర్దేసి తాళం కూడా వేసేసిన పెట్టె.

ఫాదర్ గారు లేచి నా దగ్గర మైకు తీసుకున్నారు. "చెట్టు సంగతీ కార్డు సంగతీ చెప్పారు గానీ, ఈ పాక ఎక్కడ పుట్టిందో మీ టీచరుగారు ఇంకా చెప్పలేదు. చూపించారు! ఎనిమిది వందల ఏళ్ల కిందట ఇటలీలో ఓ కొండ మీద ఊళ్లో ఒక సన్యాసి మొదటిసారి పాక పెట్టించినప్పుడు అందులో ఉన్నవి బొమ్మలు కావు పిల్లలూ. నిజం గడ్డి, నిజం ఎద్దు, నిజం గాడిద. ఆ ఊరివాళ్లే తలా ఓ చెయ్యి వేశారు," అని నా వైపు తిరిగి, "కావాలనే చేశారు కదండీ?" అన్నారు.

చప్పట్లే చప్పట్లు. అన్నీ తెలిసిన నాకు ఆ ఒక్క ముక్కా తెలియదు. కానీ పెట్టె గుర్తొచ్చింది. "అవునండి" అనేశాను.

"కావాలని ఏంటండీ, నా మొహం!" అని గేటు దగ్గర నుంచి ఓ గొంతు ఖంగుమంది. అత్తయ్య! పిఠాపురం నుంచి బస్సు దిగి, గేదె లేదు, తొట్టి లేదు అని వీధి వీధీ వెతుక్కుంటూ, చేతిలో ప్రసాదం సంచీతోనే వచ్చేసింది. "దానికి తొట్టి మారితే కుడితి ముట్టదండి. ఈ పిల్ల నాతో ఒక్క ముక్క చెప్పకుండా పట్టుకొచ్చేసింది. ఒసేయ్, పెద్దాయన ముందు అబద్ధాలా?"

భూమి బద్దలై నన్ను మింగేస్తే బాగుండుననిపించింది. ఫాదర్ గారు మాత్రం కడుపు పట్టుకుని నవ్వారు. "మీరు నిజం చెప్పారమ్మా. గేదె కూడా నిజమే చెప్పింది. మీ అమ్మాయి ఒక్కతే కాస్త తొందరపడింది. రండి, కూర్చోండి," అన్నారు. అత్తయ్య కూర్చోలేదు. తొట్టి లేనిదే గేదె కదలదు, గేదె లేనిదే ఆవిడ కదలదు. అలా పాకలోనే బంగారి మెడ మీద చెయ్యేసుకుని కార్యక్రమమంతా నిలబడింది.

చివరికి ఎల్‌కేజీ పాప బొమ్మను తెచ్చి తొట్టిలో పెట్టబోతుంటే, "ఆగమ్మా, ఆగు. వరిగడ్డి పసివాడికి గుచ్చుకోదూ?" అంది అత్తయ్య. సంచీలోంచి అమ్మవారి గుడిలో ఇచ్చిన ఎర్ర రవికె గుడ్డ తీసి, మడత విప్పి, గడ్డి మీద పరిచింది. "ఊఁ, ఇప్పుడు పడుకోబెట్టు." మా ఇంట్లో గడప దాటితే కాళ్లు కడుక్కోమనే మనిషి ఆవిడ. ఆ క్షణంలో నాకు ఎంత గర్వం కలిగిందో, నేను చదివిన ఆచారాలన్నీ ఎంత చిన్నవైపోయాయో చెప్పలేను.

"ఫాదర్ గారు సరేనన్నారు, జనవరి నుంచీ రండి టీచరుగారూ. తొట్టి మాత్రం అడిగి తీసుకురండి," అన్నారు సిస్టర్ గారు, మేం ఇంటికి బయల్దేరబోయే ముందు.

ఇప్పటికీ అక్కడే పనిచేస్తున్నాను. బంగారి లేదు గానీ తొట్టి ఉంది, ఏటా పాకలోకి వెళుతుంది. ఏటా ఓ ఎర్ర రవికె గుడ్డ అత్తయ్యే పంపుతుంది. మొన్న డిసెంబరులో ఆవిణ్ణి కూడా తీసుకెళ్లాను. కొత్తగా చేరిన టీచరమ్మ ఒకావిడ, ఇరవై రెండేళ్లుంటాయేమో, చేతిలో ఫోనుతో మైకు ముందు నిలబడి, "తొట్టిలో ఎర్ర వస్త్రం పరచడమన్నది రోము నగరంలో పుట్టిన అతి ప్రాచీన ఆచారం పిల్లలూ," అని బల్లగుద్ది చెప్పింది.

అత్తయ్య నా చెవి దగ్గరకి వంగి, "రోమా? అదెక్కడే, పిఠాపురానికి ఇవతలా అవతలా?" అంది.

"కాస్త అవతల అత్తయ్యా," అన్నాను. ఆ పిల్లని సరిదిద్దాలని నాకు అనిపించలేదు. అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది నేనే.