అవ్వ ఊకొట్టిన ధ్యానం

హిందూపురంలోని ఒక కర్మాగారంలో ప్రెషర్ గేజ్‌లను సరిచూడటం నా ఉద్యోగం. పీడనం ఏమీ లేనప్పుడు కూడా ముల్లు సున్నాకు దిగకపోతే ఆ గేజ్‌ను పక్కన పెడతాం. నిరుడు నా శరీరమే అలాంటి గేజ్ అయింది. ధర్మవరంలో రైలెక్కితే పెనుకొండ దాకా బాగానే ఉండేది. ఆ స్టేషన్‌లో రైలు ఆగగానే గుండె దడదడలాడేది, ఊపిరి అందేది కాదు. దిగిపోయి, ఎదురు రైలు పట్టుకుని ఇంటికి వచ్చేసేవాణ్ణి. పరీక్షలన్నీ చేయించిన డాక్టరు, గుండెలో లోపమేదీ లేదని, అది భయమేనని తేల్చి, రోజూ ఉదయం ఫోన్‌లో మాటలు వింటూ చేసే ధ్యానం అలవాటు చేసుకోమన్నాడు. సెలవులు అయిపోతున్నాయి. వచ్చే సోమవారం రాకపోతే వేరొకరిని తీసుకుంటామని మేనేజరు మర్యాదగానే చెప్పాడు.

మా ఇంట్లో తెల్లవారకముందే మగ్గం మొదలవుతుంది. దాని చప్పుడు తక్కువగా వినిపించే చోటు, అవ్వ పట్టు దారాన్ని కండెలకు చుట్టే వసారా ఒక్కటే. అక్కడ గోడకు ఆనుకుని, ఫోన్‌ను స్పీకరులో పెట్టి కళ్లు మూసుకున్నాను.

"మీ భుజాలను వదులుగా ఉంచండి," అన్నది ఫోన్‌లోని అమ్మాయి, ప్రతి అక్షరాన్నీ తూచినట్లుగా.

"ఊ," అన్నది అవ్వ, రాట్నం ఆపకుండా.

"మీ శ్వాసను గమనించండి."

"ఊ... చూస్తాండాములేమ్మా."

కళ్లు తెరిచాను. "అవ్వా, ఆమెకు వినపడదు. అది రికార్డింగు."

"వినపడకపోతేనేమి? పొద్దున్నే లేచి అంత ఓపిగ్గా చెప్తాండాది పాప. ఊకొట్టకుండా రాయి మాదిరి కూర్చుంటారా? నీకు మర్యాద నేర్పినోళ్లు ఎవరప్పా?"

"నువ్వే."

"అందుకే సిగ్గయితాండాది."

మా వైపు ఎవరు కథ చెప్పినా, కష్టం చెప్పినా, వినేవాళ్లు ఊకొట్టాలి. ఊ ఆగిందంటే నిద్రపోయారనో, అలిగారనో లెక్క. మాటల మధ్య నిశ్శబ్దాన్ని కావాలనే వదిలారని అవ్వకు వివరించాను. శ్రద్ధగా విన్నది. మరునాడు ఆ నిశ్శబ్దంలోనే, "కాఫీ తాగినావా అమ్మీ?" అని అడిగింది. సముద్రతీరాన్ని ఊహించుకోమన్న రోజు మాత్రం రాట్నం ఆగింది.

"సముద్రం మనకు యాడుండాది? కదిరి తేరు కాడ నిలబడినట్ల అనుకోమంటే సరిపోయేది గదా."

"ఆ రథోత్సవం తొక్కిసలాటలో శాంతి యాడుంటాదవ్వా?"

"నాకుంటాది."

కోపం రావలసిందే. అయితే ఒక సంగతి గమనించాను. ధ్యానంలో కూర్చున్నప్పుడు నా భయం ఎప్పుడూ మాటకూ మాటకూ మధ్య ఖాళీలోనే తలెత్తేది. అవ్వ ఊ పడిన చోట దానికి సందు దొరికేది కాదు.

ఆదివారం సాయంత్రం, "రేపు నేనూ వస్తా," అన్నది అవ్వ.

సోమవారం రైల్లో ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. ఇయర్‌ఫోన్ ఒకటి నా చెవిలో, రెండోది ఆమె చెవిలో. ఎదుటి సీటులో పరిగికి పోతున్న రైతు చాలాసేపు చూశాడు. "ఏమవ్వా, ఎవరితో మాట్లాడతాండావు?"

"మావానికి బుద్ధి చెప్పే పాపతో. బలే ఓపిక. నీకూ వినిపించల్లనా?"

"నాకెందుకులే! ఇంట్లో ఒకామె చెప్తానే ఉండాది."

పెనుకొండలో రైలు ఆగింది. అరచేతులు చెమర్చాయి, గుండె వేగం పెరిగింది. లేచి నిలబడ్డాను. అవ్వ నా చొక్కా పట్టుకోలేదు, కూర్చోమనీ అనలేదు. "దిగుదామా?" అని మాత్రం అడిగి, చెప్పుల కోసం కాళ్లతో తడుముకోసాగింది. ఒక చెప్పు సీటు కిందికి, బాగా లోపలికి పోయింది. నేను వంగి, రైతు సంచిని జరిపి, చేయి చాపి దాన్ని అందుకుని, ఆమె పాదానికి తొడిగేసరికి కిటికీలో ప్లాట్‌ఫారం వెనక్కి జరుగుతోంది. గుండె ఇంకా గట్టిగానే కొట్టుకుంటోంది. కానీ ఊపిరి ఆడుతోంది.

"రైలు కదిలిందవ్వా."

"కదలనీలే. హిందూపురంలో చింతపండు బాగుంటాదంట. నువ్వు పనికి పో, నేను బేరం చేసుకుంటా. కూర్చుంటావా, ఆడిదాకా నిలబడే వస్తావా?"

కూర్చున్నాను.