చదివింపుల పుస్తకంలో ఒక బాకీ

గురురాజారావు చేతిరాతకు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడు ఊళ్లలోనూ పేరుంది. పెళ్లి హాలు గుమ్మం దగ్గర బల్ల వేసి, చదివింపులు రాయడానికి ఆయన్నే పిలిచేవాళ్లు. వచ్చినవాళ్లు కవరు చేతికిస్తారు. ఆయన పేరు, ఊరు, రూపాయలు రాసుకుని, రాసింది రాసినట్టు మైకులో చదువుతాడు. కొందరు రాతగాళ్లు ఐదువేలు ఇచ్చినవాడి పేరు మూడుసార్లు అరిచి, రెండొందలు ఇచ్చినవాడి పేరు మింగేస్తారు. గురురాజారావుకు అందరికీ ఒకటే గొంతు. ముప్పై ఏళ్లలో ఒక మాట కలిపిందీ లేదు, ఒక మాట వదిలిందీ లేదు.

ఈ ఆచారం తెలియనివాళ్లకు కొంచెం చెప్పాలి. పెళ్లయిపోయాక ఆ పుస్తకాన్ని ఎవరూ పారేయరు. కవరిచ్చినవాళ్ల ఇంట్లో శుభకార్యం వచ్చిన రోజు పుస్తకం తీసి చూస్తారు. అప్పుడు వాళ్లు వెయ్యి పెట్టి ఉంటే ఇప్పుడు పదిహేను వందలు పెట్టి వస్తారు. తక్కువ పెడితే నోరు తెరిచి ఎవరూ అడగరు. అడగరు గానీ మరిచిపోరు. గండికోట రిజర్వాయరు నీళ్లకు కొండాపురం పక్క పల్లెలు ఖాళీ అయినప్పుడు, తలుపులూ దూలాలూ పీక్కుని ట్రాక్టర్లెక్కిన ముసలమ్మల ఒళ్లో ఉన్నవి రెండే: రేషన్ కార్డు, గుడ్డలో చుట్టిన చదివింపుల పుస్తకం. ఊరు మునిగినా ఆ లెక్క మునగకూడదు మరి.

ఆయన అసలు ఉద్యోగం వేరుశనగ నూనె మిల్లులో గుమాస్తా. ఇరవై ఎనిమిదేళ్లు రోజువారీ చిట్టా రాశాడు, దాన్ని ఖాతాలవారీగా ఆవర్జాలోకి ఎక్కించాడు. మిల్లు మూతపడింది. దూరవిద్యలో సంపాదించిన ఎం.కాం. కాగితం పెట్టెలోంచి బయటికొచ్చింది. జమ్మలమడుగులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీవాళ్లు, కామర్సు చదవని పిల్లలకు అకౌంట్స్ ఓనమాలు నేర్పడానికి గంటకింత అని మాట్లాడుకుని పెట్టుకున్నారు. ఆ గంటల డబ్బు నాలుగు నెలలుగా రాలేదు.

వృక్షశాస్త్రం, రసాయనశాస్త్రం, చరిత్ర చదివే పిల్లలంతా ఒకే గదిలో కూచునేవాళ్లు. మొదట్లో ఆయన పుస్తకంలో ఉన్నట్టే చెప్పాడు. వెనక బెంచీలో ఆవులింతలు మొదలయ్యాయి.

"సార్, మేము పువ్వులు కోసి చూసేటోళ్లం. మాకు ఈ డెబిట్టు, క్రెడిట్టు ఏంటికి సార్?" అని గౌసియా లేచి అడిగింది.

అప్పుడు ఆయనకు తట్టింది. "రేపు అందరూ మీ ఇండ్లల్లో ఉండే చదివింపుల పుస్తకం తీస్కరాండి" అన్నాడు.

మర్నాడు గదంతా సందడి. కొండాపురం నుంచి వచ్చే విష్ణుతేజ ముందుగా లేచాడు. "మా యన్న పెండ్లికి రెండు లచ్చల పదివేలు వచ్చినాయి సార్. ఆ దుడ్లతో మా నాయన బోరు ఏపిచ్చినాడు. అంతా లాభమే కదా సార్?"

"నీళ్లు పడినాయా?"

"యాడ సార్! దుమ్ము లేసింది."

క్లాసు గొల్లుమంది. గురురాజారావు కూడా నవ్వి, బోర్డు మీద నిలువుగీత గీశాడు. ఒక పక్క మన దగ్గర ఏముందో రాయాలి. ఇంకో పక్క అది ఎవరి సొమ్ముతో వచ్చిందో రాయాలి. మన సొంతం ఎంత, పరాయివాళ్లది ఎంత, ఈ రెండూ కలిపితే మొదటి పక్కతో సరిపోవాలి. అకౌంట్స్ అంటే మొత్తం ఇంతే, మిగతాదంతా దీనికి వేసిన కొమ్మలు.

"రేపు నలుగురికీ తిరిగి పెట్టాల్సిన దుడ్లు లాభం యెట్లయితాది అప్పా? బోరు ఎండిపాయ, కాబట్టి ఈ పక్క సున్నా. ఆ పక్క రెండు లక్షల పదివేలు అట్లే ఉండాది."

విష్ణుతేజ నవ్వు ఆగిపోయింది. గౌసియా మాత్రం వదల్లేదు. "తిరిగి ఇయ్యాలంటే అప్పే కదా సార్. మరి ఆ పుస్తకాల్లో అప్పని ఎవురూ రాయరే?"

"రాయనంత మాత్రాన అప్పు కాకుండా పోదమ్మా. పద్దు అనేది నిజం చెప్పాల" అన్నాడాయన. చెప్పినప్పుడు ఆ మాట బాగానే ఉంది.

సాయంత్రం ప్రొద్దుటూరు బస్సులో అది ఆయన్నే పట్టుకుంది. ఇంటికొచ్చి, కూతురు సింధూ పెళ్లినాటి పుస్తకం తీశాడు. ఆరేళ్ల కిందటిది. మొత్తం మూడు లక్షల నలభై ఆరువేల ఐదు వందలు. ఆ ఏడాది తన డైరీలో దాన్ని 'వచ్చినవి' అన్న గడిలో వేసుకుని, మిద్దెపైన ఒక గది కట్టించి అద్దెకిచ్చాడు. ఇరవై ఎనిమిదేళ్ల గుమాస్తా! విష్ణుతేజ నాయనకూ తనకూ తేడా ఏమిటి? బోరులో నీళ్లు పడలేదు, గదికి అద్దె వస్తోంది. ఆ అద్దె కూడా భార్య వెంకటసుబ్బమ్మ షుగరు మందులకే సరిపోతోంది.

నాలుగో పేజీలో ఉంది: 'ఫరూఖ్, పులివెందుల, 25,000.' అన్నిటికన్నా పెద్ద పద్దు అదే.

ఫరూఖ్ ఒకప్పుడు మిల్లులో బస్తాలు మోసినవాడు. ఇప్పుడు పులివెందులలో చీనీకాయల, అంటే బత్తాయిల, మండీ నడుపుతున్నాడు. అతని కూతురు అల్ఫియా పెళ్లి కార్డు వచ్చి అప్పటికి వారమైంది. చదివింపులు రాయాల్సింది గురురాజారావే. స్నేహితుడి దగ్గర ఆయన రాతకూలీ తీసుకోడు. ఎప్పుడు వెళ్లినా ఫరూఖ్ సంచీ నిండా చీనీకాయలు పోసి పంపుతాడు, అదే కూలీ.

"ఇరవై ఐదుకు తక్కువ పెట్టి ఆయప్ప మొగం యెట్ల చూస్తారండీ?" అంది వెంకటసుబ్బమ్మ. ఆమె గాజులు అప్పటికే బంగారు అంగళ్ల వీధిలో కుదువలో ఉన్నాయి. కాలేజీ ప్రిన్సిపాలును అడిగితే వచ్చే నెల అన్నాడు. కిందామీదా పడితే ఐదువేలు తేలాయి.

పెళ్లినాడు పొద్దున ఆమె ఖాళీ సంచీని మడిచి ఆయన చేతికిచ్చింది, ఎప్పటిలాగే.

ముద్దనూరు మీదుగా పోయే బస్సులో ఆయన ఎన్ని దారులు వెతికాడో లెక్కలేదు. ఒకటి మరీ సులువు. తన పేరు ముందు ఇరవై ఐదువేలని రాసి, ఐదువేలే కవరులో పెడితే సరి. చివర్లో ఇరవై తగ్గితే, ఇంత జనంలో యాడనో పొరబాటు జరిగిందంటారు. గురురాజారావు రాతను అనుమానించే మనిషి మూడు ఊళ్లలోనూ లేడు. ఆ సంగతి గుర్తొచ్చి కవరును జేబులో ఇంకా లోపలికి తోసుకున్నాడు.

హాలులో బిర్యానీ వాసన, పిల్లల కేకలు. గుమ్మం దగ్గర బల్ల. రెండు గంటలు వంచిన తల ఎత్తకుండా రాశాడు, చదివాడు. జనం పలచబడ్డాక తన కవరు తీశాడు. 'గురురాజారావు, ప్రొద్దుటూరు' అని రాసి ఆగాడు. కలం ముందు ఐదు అంకె వేసింది, సున్నాలు చుట్టింది. అక్కడితో ఊరుకోవచ్చు. కానీ గౌసియా అడిగిన మాట చెవిలో ఉంది, తాను చెప్పిన జవాబూ ఉంది. పక్కన చిన్న అక్షరాలతో ఇంకో ముక్క చేర్చాడు.

తర్వాత ముప్పై ఏళ్ల అలవాటు ఆయన నోట్లోంచి తనంతట తానే వచ్చేసింది. రాసింది రాసినట్టు మైకులో చదివాడు: "గురురాజారావు, ప్రొద్దుటూరు, ఐదువేల రూపాయలు, బాకీ ఇరవై వేలు."

గరిటెల చప్పుడు ఆగింది. ఎవరో కిసుక్కుమన్నారు. పెండ్లికొడుకు తండ్రి తింటున్నవాడు తలెత్తి, "ఏంది ఫరూఖ్ భాయ్! దావత్‌కు పిలిచి బాకీలు రాపిస్తాండావా? మా పేరు మింద యెంత రాపిచ్చినావు?" అన్నాడు. ఆ బంతిలో అందరూ నవ్వారు. నవ్వనివాడు ఫరూఖ్ ఒక్కడే.

అతను బల్ల దగ్గరికొచ్చి, మైకు ఆపేసి, మెల్లిగా అడిగాడు. "నేను అడిగినానా సామీ?"

"లేదు."

"సింధమ్మ పెండ్లికి ఇచ్చింది తిరిగి రావాలని ఇచ్చినానా?"

"కాదు. అయినా అది నిజం కదా ఫరూఖ్. ఇయ్యాల్సింది ఇయ్యాల్సిందే."

"నిజమో గిజమో నాకు తెల్దు. నాలుగునెల్లు తర్వాత తెచ్చిచ్చింటే తీసుకునేటోణ్ని. తేకపోయింటే నా నోట్లోంచి మాట వచ్చేది కాదు. ఈ పొద్దు నా వియ్యంకుడి ముందర నన్ను వడ్డీయాపారం చేసేటోన్ని చేస్తివి. కొట్టెయ్ దాన్ని."

ఫరూఖ్ భార్య మెహబూబున్నీసా లోపలినుంచి వచ్చి, "అన్న తప్పేముంది, పోనీ. ఇయ్యాల పెండ్లి" అంది. ఫరూఖ్ వినలేదు.

గురురాజారావు ఆ ముక్క మీద ఒక్క గీత గీశాడు. చెరిపేస్తే దిద్దినట్టు అవుతుంది, గీత గీసి పక్కన సంతకం పెట్టాలి, పద్ధతి అది. సంతకం కూడా పెట్టాడు. కింద మొత్తం వేసి నోట్లు లెక్కపెట్టారు. రూపాయి తేడా లేదు.

బయల్దేరేటప్పుడు ఫరూఖ్ ఒక కవరు చేతిలో పెట్టాడు. "రాతకూలీ సామీ. పదిహేనువందలు. చూసుకో."

"మన మధ్య ఇది యెప్పుడూ లేదు కదప్పా."

"బాకీ ఉండకూడదు కదా" అన్నాడు ఫరూఖ్, వేరే ఎవరికో సలాం చెప్పడానికి తిరుగుతూ.

ప్రొద్దుటూరులో దిగేసరికి దీపాలు పెట్టే వేళ. వెంకటసుబ్బమ్మ గుమ్మంలోనే సంచీ అందుకుంది. తేలిగ్గా ఉంది. విప్పి లోపల చూసింది.

"చీనీకాయలు ఇయ్యలేదా?"

"దుడ్లిచ్చినాడు" అన్నాడాయన.

ఆమె సంచీని నాలుగు మడతలు పెట్టి, గూట్లో పాత గుడ్డల కింద దోపింది.