ముద్ద కట్టని సున్నుండలు

మా పెద్దమ్మ పోయిందని ఆమె కింది అంతస్తులో ఉండే బర్మా ఆవిడ ఫోను చేసి చెప్పింది. "పొద్దున తలుపు తట్టాను. తియ్యలేదు" అన్నది బర్మీస్‌లో. నేనుండేది ఊరికి ఈ చివర చిమిండైంగ్‌లో, ఆమె ఆ చివర బోటాటౌంగ్‌లో. బస్సెక్కితే భోజనం వేళకి చేరిపోయే దూరం. కానీ ఊరంతా ఆక్సిజన్ సిలిండర్ల కోసం వరసల్లో నిలబడి ఉన్న రోజులవి. నాకూ జ్వరమే, గడప దాటలేకపోయాను. తెల్ల ప్లాస్టిక్ దుస్తులు తొడుక్కున్న ముక్కూమొహం తెలియని మనుషులు ఆమెను మోసుకెళ్లారు.

పెదనాన్న రేవులో పనిచేసేవాడు. చక్కెర జబ్బుతో ముందు కాలు పోయింది, తర్వాత ఆయన పోయాడు. వాళ్లకి ఒక్కడే కొడుకు, నాకు అన్న. మా అన్నయ్యకి ముప్పై దాటకుండానే అదే జబ్బు వచ్చింది. పెద్దమ్మ ఏడవలేదు. పండగలు మానలేదు, పంచదార డబ్బా మాత్రం ఇంట్లోంచి తీసేసింది. బొబ్బట్లకి మైదా పోయి గోధుమపిండి వచ్చింది. కజ్జికాయల్ని నూనెలో వేయించకుండా ఆవిరి మీద ఉడికించేది. "ఇవి కుడుములు కదా పెద్దమ్మా" అంటే, "ఏదైతే ఏటి, లోపలున్నది కొబ్బరే గదా" అనేది.

సున్నుండలు మాత్రం ఆమెవే. పొట్టు మినుములు సన్నటి సెగ మీద ఓపిగ్గా వేయించి, ఇక్కడివాళ్లు అన్నం తిన్నాక నోట్లో వేసుకునే తాటిబెల్లం కాస్తంటే కాస్త కలిపేది. ఇంకొంచెం వెయ్యమని మా పిల్లలు గొడవ చేసేవారు. "బెల్లం గూడా సక్కెరకి తమ్ముడే. మంచోడని నెత్తినెట్టుకోకండి. పప్పు బాగా ఏగితే తీపి తగ్గిందని నాలిక్కి తెల్దు" అనేది. అది నిజమే. ఆమె ఇంట్లో తిన్నాక బజారు మిఠాయి నాకు గొంతు దిగేది కాదు.

మిలటరీవాళ్లు రాజ్యం తీసుకున్నాక, బడిలో లెక్కలు చెప్పే అన్నయ్య పనికి వెళ్లడం మానేసి ఊరేగింపుల్లో నడిచాడు. ఒకరోజు తిరిగి రాలేదు. ఏ జైల్లో ఉన్నాడో తెలియడానికే చాలా రోజులు పట్టింది. చూడనివ్వరు, పొట్లం మాత్రం తీసుకుంటారని చెప్పారు. పెద్దమ్మ సున్నుండలు చేసుకుని వచ్చింది. నేనూ వెంట వెళ్లాను. గేటు దగ్గర కాపలావాడు ఒక్కో ఉండనీ చేత్తో చితిపి చూశాడు. ఆమె ఆ చేతుల వైపే చూస్తూ నిలబడింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అంది: "ఆళ్ల సేతుల్తో సితపడానికి మనం ఉండ కట్టడం దేనికే అమ్మీ. ఇకనించి పొడే పట్టుకెల్దాం." దిగబోతూ, "నెయ్యి గూడా అక్కర్లేదు. ఆడికీ మంచిదే" అంది.

అప్పటినుంచి ఆమె ఉండ కట్టలేదు. పొడితో పాటు మందులూ ఇచ్చేవాళ్లం. అవి లోపలికి చేరాయో లేదో పెద్దమ్మకి చివరిదాకా తెలియలేదు.

తర్వాత కరోనా పేరు చెప్పి పొట్లాలు కూడా ఆపేశారు. ఆమె మాత్రం వేయిస్తూనే ఉంది, మోసుకెళుతూనే ఉంది. "ఎవరు తీసుకుంటారు పెద్దమ్మా, నీకేదైనా అంటుకుంటే" అన్నాను. "ఈయేల తీసుకుంటారేమో" అంది. తీసుకోలేదు. తెచ్చిన పొట్లం కింది ఆవిడకి ఇచ్చి మేడ ఎక్కేది. జబ్బు ఆ గేటు దగ్గరే అంటుకుందో, బస్సులోనో. మూడో అంతస్తు దాకా సిలిండర్ మోసుకొచ్చే మనిషి దొరికేసరికి దాని అవసరం లేకపోయింది.

నేను కోలుకున్నాక పొట్లాలు మళ్లీ తీసుకుంటున్నారని తెలిసింది. ఆమె వంటింట్లోనే, ఆమె మూకుట్లోనే మినుములు వేయించాను. ఆమె లాగే సెగ తగ్గించాను, బెల్లం తగ్గించాను. ఆమె పోయిన కబురు మాత్రం అన్నయ్యకి పంపలేదు. ఆ గోడల మధ్య ఒక్కడే కూర్చుని వినవలసిన మాట కాదది అనుకున్నాను.

కొన్నాళ్లకి జైలు నుంచి విడుదలైన ఒకాయన మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి చెప్పాడు. అన్నయ్య ఆ పొడి నోట్లో వేసుకుని ఆగిపోయాడట. "ఇది మా అమ్మ సెయ్యి కాదు" అన్నాడట. ఆ రోజు ఇంకేమీ తినలేదట. "అమ్మకి ఏటయిందో కనుక్కో" అని ఈయనతో చెప్పి పంపాడు.

ఎవరితో జవాబు పంపను? ఏమని పంపను? ఆ ప్రశ్న వేసినప్పుడే అతనికి జవాబు తెలిసిపోయి ఉంటుంది. ఆమె లేదని నా చేతులే చెప్పేశాయి.

మళ్లీ పొట్లాల రోజు వచ్చింది. మళ్లీ నేనే వేయించి పట్టుకెళ్లాను. గొడుగుల కింద తల్లులూ భార్యలూ వరసగా నిలబడ్డారు. నా వంతు వచ్చాక కాపలావాడు డబ్బా మూత తీసి, తడి చువ్వ ఒకటి పొడిలో గుచ్చి తిప్పాడు. చువ్వకి అంటుకున్నదాన్ని గేటుకేసి దులిపాడు. ఆ పొడి వాన నీళ్లలో పడి, కాసేపు తేలి, కాలవ వైపు కదిలింది.