రెండు లాకులు, ఒక ఫిర్యాదు

కంప్యూటర్లకు ప్రాణంలాంటి కెర్నెల్ రాస్తానని చెప్పుకోవడం నాకు ఇష్టం. నిజానికి అందులో నాది ఒక చిన్న మూల. నడుస్తున్న యంత్రాన్ని ఆపకుండా దానికి మెమరీ కలపడం, అక్కర్లేనప్పుడు తీసెయ్యడం. ఒకరు వాడుతున్న మెమరీ ముక్కను ఇంకొకరు లాగేయకుండా లాకులు పెట్టాలి. ఆ లాకులు ఎలా ఉండాలో తేల్చే బాధ్యత నా మీద పడింది. పడిందంటే, మీటింగులో నేనే చెయ్యెత్తాను.

నాది గద్వాల. మా ఆవిడ వీపనగండ్ల హైస్కూల్లో లెక్కలు చెబుతుంది కాబట్టి కాపురం అక్కడే. ఇంట్లో కూర్చుని, హైదరాబాదులో ఉన్న పరీక్ష యంత్రంలోకి ఇంటర్నెట్ మీద వెళ్లి పనిచేసేవాణ్ణి.

పాత పద్ధతిలో మొత్తానికి ఒకే పెద్ద లాకు. ఒకరు మెమరీ తీస్తుంటే మిగతావాళ్లంతా ఆగాల్సిందే. నాకది మోటుగా కనిపించింది. దానితోపాటు ఒక్కో ముక్కకు ఒక్కో చిన్న లాకు పెట్టాను. నాలుగు పేజీల వివరణ రాసి, నా పద్ధతి "సొగసైనది" అని నేనే రెండుసార్లు రాసుకున్నాను. లాకులు పట్టుకునే వరుస తప్పితే హెచ్చరించే ఏర్పాటు ఒకటి కెర్నెల్‌లోనే ఉంటుంది. అది ఉంటే యంత్రం నెమ్మదిస్తుందని తీసేశాను.

పరీక్ష మొదలుపెట్టిన ఆదివారం మధ్యాహ్నమే స్క్రీన్ బిగుసుకుపోయింది. లైన్ పోయిందన్నాను.

"నా వీడియో మంచిగనే వస్తుంది గదా. నీ ఒక్కనిదే ఎట్ల పోతది?" అంది మా ఆవిడ పక్క గదిలోంచి.

"వీడియో వేరు, నా పని వేరు."

ఎలా వేరో అడగలేదు. అడిగి ఉంటే ఆ రోజే బయటపడేవాణ్ణి.

వనపర్తి నుంచి ఇంటర్నెట్ లైన్‌మ్యాన్ బండి మీద వచ్చాడు. యాభై దాటిన మనిషి, ఊరందరికీ భాయ్. డబ్బా విప్పి, వైరు తీసి మళ్లీ పెట్టాడు. సరిగ్గా అప్పుడే కనెక్షన్ వచ్చింది. "చూస్తివా భాయ్, లైనే!" అన్నాను. చాలాసేపు కదలిక లేకపోతే హైదరాబాదులోని ఆ పరీక్ష యంత్రం తనంతట తానే మళ్లీ మొదలవుతుంది. ఆ ఏర్పాటు చేసింది నేనే. గుర్తుకు రాలేదు.

వారంలో మూడుసార్లు రప్పించాను. మూడోసారి ఆయన, "సార్, లైన్ల ఏం లేదు. జర మీ దిక్కు గూడ చూస్కోండ్రి" అన్నాడు.

"పదిహేనేండ్ల సంది ఇదే పని చేస్తున్న భాయ్" అన్నాను. ఆ సాయంత్రమే కంపెనీకి ఫిర్యాదు పంపాను. సిబ్బంది నిర్లక్ష్యం అని, మంచి ఇంగ్లిష్‌లో.

తర్వాతి వారం నా కోడ్ చూసే పెద్దావిడ మెయిల్ పెట్టింది. ఆమెను నేనెప్పుడూ చూడలేదు. మెయిల్ మాత్రం అందరూ చూశారు. "మెమరీ తీసే దారిలో ముందు పెద్ద లాకు, తర్వాత చిన్నది పట్టుకుంటున్నారు. ఒక మెమరీ ముక్క వాడకం ఆపమని మనిషే ఆదేశమిచ్చే దారిలో ముందు చిన్నది, తర్వాత పెద్దది. రెండూ ఒకేసారి జరిగితే?"

జరిగితే, ఒకటి పెద్ద లాకు పట్టుకుని చిన్నదాని కోసం, ఇంకొకటి చిన్నది పట్టుకుని పెద్దదాని కోసం చూస్తూ కూర్చుంటాయి. వెనక వచ్చిన ప్రతి పనీ ఆగిపోతుంది. చివరికి నా స్క్రీనూ. నా పరీక్ష చేసేదే ఆ రెంటినీ ఒకేసారి నడపడం. హెచ్చరికను తిరిగి పెట్టి చూస్తే, పరీక్ష మొదలైన నిమిషంలోనే పేజీడు తిట్లు వచ్చాయి. ఏ దారిలోనైనా ముందు పెద్దదే అని మార్చాను. పెద్దది చేతిలో ఉన్నప్పుడు నా చిన్న లాకులకు పనే లేదని అప్పుడు తెలిసింది. అన్నీ తీసేశాను. నాలుగు పేజీల్లో మిగిలింది "ముందు పెద్ద లాకు పట్టుకోవాలి" అన్న ఒక్క వాక్యం.

భాయ్‌కి ఫోన్ చేశాను. నాగర్‌కర్నూల్లో ఉన్నానన్నాడు. నా ఫిర్యాదు తర్వాత అక్కడి లైన్లకు మార్చారట. ఇల్లు వనపర్తిలోనే, రోజూ బస్సులో పోయి రావడం. మర్నాడు నేనూ బస్సెక్కాను.

స్తంభం మీద ఉన్నాడు. దిగేదాకా కింద నిలబడ్డాను.

"తప్పు లైన్‌ది కాదు భాయ్, నాది."

"గది నాకు ఎప్పుడో ఎర్కే సార్."

"మరి గట్టిగ చెప్పకపోతివి?"

"పదిహేనేండ్లంటిరి. ఇంగేం చెప్త?"

హోటల్లో కూర్చుని, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టు ఉత్తరం రాశాను. రెండు లాకులు, రెండు దారులు, పక్కన బొమ్మ కూడా వేశాను. చదివి వినిపిస్తే భాయ్ ఓపిగ్గా విన్నాడు.

"గిదంత మా సాబ్‌కు తెల్వదు సార్. లైన్ మంచిగుంది, తప్పు నాది అని రాయుండ్రి. సాలు."

రాశాను. నేనే వాళ్ల ఆఫీసుకు తీసుకెళ్లి ఇచ్చాను. "ఏం తప్పు సార్?" అన్నాడు అధికారి. వివరించడానికి నోరు తెరిచాను. పక్కన నిలబడ్డ భాయ్ నా వంక చూశాడు.

"నాదే సార్, అంతే" అన్నాను.

రెండు వారాలకు భాయ్‌ని వనపర్తికి తిరిగి వేశారు. ఆ సంగతి చెప్పడానికి ఫోన్ చేసి, "మీ మిషిన్ మంచిగైందా సార్?" అని అడిగాడు. మా ఆఫీసులో అప్పటిదాకా ఎవరూ ఆ మాట అడగలేదు.