పదికి నాలుగు ఇచ్చిన మా రూత్ అక్క

నిన్న మధ్యాహ్నం మూడింటికి అమ్మ ఫోన్ చేసింది.

"రూత్ పోయిందిరా" అంది.

"ఏ రూత్?" అన్నాను.

మా బంధువుల్లో ఉన్నది ఒక్కతే రూత్. అయినా అలా అడిగాను.

టాటీబంధ్ చౌక్ దగ్గర లారీ. అక్కడికక్కడే.

రాత్రి నుంచి ఇది రాయాలని కూర్చుని లేస్తున్నాను. తప్పులుంటే క్షమించండి.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. రూత్ అక్క మా పెద్దమ్మ కూతురు. ఇక్కడే రాయ్‌పూర్‌లో ఒక హాస్పిటల్ క్యాజువాలిటీలో పదిహేడేళ్లుగా నర్సు. హైవే మీద నలిగిన కాళ్లు, భన్‌పురి ఫ్యాక్టరీల్లో మెషీన్లు నమిలేసిన వేళ్లు, కత్తిపోట్లు... అన్నీ ఆమె చేతుల మీదుగానే వెళ్లాయి.

ఇంటికొచ్చి స్నానం చేసి, కంట్రోలర్ పట్టుకుని వీడియో గేమ్ ఆడేది. నలభై రెండేళ్ల మనిషి!

మేమిద్దరం తెలుగులో ఒక చిన్న గేమ్ రివ్యూ ఛానెల్ నడిపాం. గొంతు ఆమెది, ఎడిటింగ్ నాది.

రెండేళ్ల కిందట ఆ పెద్ద ఫాంటసీ గేమ్ వచ్చింది. పేరు రాయను, మళ్లీ ఆ గొడవ ఇక్కడ వద్దు. కొండలు, కోటలు, రాజ్యాలు. గుర్రమెక్కి ఎటైనా పోవచ్చు, వారం రోజులు పోయినా అంచు దొరకదు. రివ్యూలన్నీ చప్పట్లే. పదికి పది. మాస్టర్‌పీస్.

అక్క మూడు వారాలు ఆడింది. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి మైకు ముందు కూర్చుంది.

"ఈ లోకం భలే అందంగా ఉందండీ. వానొచ్చే ముందు గడ్డి వంగుతుంటే ఆట ఆపేసి చూస్తా కూర్చున్నా. కట్టినోళ్లకి సలాం. కానీ నిన్న నేను ఒక ఊరు తగలబెట్టా. నలభై మందిని గొడ్డలితో నరికా. ఎముక మీద గొడ్డలి దిగిన సౌండు కరెక్టుగా తీశారు. ఆ తర్వాత? ఒక్కడు అమ్మా అనలేదు. పది సెకన్లలో శవాలు మాయం. పొట్ట చీలినోడు అంత తొందరగా చావడండీ. నీళ్లు అడుగుతాడు. మన చెయ్యి పట్టుకుంటే వదలడు. ఈ గేమ్‌లో చంపడానికి వంద దారులున్నాయి, ఒక్కణ్ణి బతికించడానికి ఒక్క బటన్ లేదు. పదికి నాలుగు."

సాయంత్రానికే కామెంట్లు మొదలయ్యాయి.

"ఆంటీ, పోయి వంట చేసుకో" అన్నది వాటిలో మర్యాదైనది. నరుకుతామన్నారు. యాసిడ్ పోస్తామన్నారు. ఎవడో హాస్పిటల్ స్టాండ్‌లో ఉన్న ఆమె స్కూటీ ఫోటో పెట్టాడు. నంబర్‌తో సహా.

"వీడియో తీసేద్దాం అక్కా" అన్నాను.

"పాగల్ అయ్యావా? నాకు తెలిసింది చెప్పా. తీసేదేముంది?"

పది రోజులకు వచ్చారు. ఇద్దరు.

ఆ రోజు డ్యూటీ అయ్యాక ఆమెను నేనే తీసుకెళ్లాలి. ఐదు నిమిషాలు లేటయ్యాను.

ఆ ఐదు నిమిషాల్లోనే స్టాండ్ దగ్గర హెల్మెట్‌తో మొహం మీద కొట్టారు. దవడ విరిగింది, రెండు పళ్లు రాలిపోయాయి. కింద పడ్డాక కడుపులో తన్నారు. అక్క పడి ఉండే రకం కాదు. తన్నేవాడి కాలు రెండు చేతులతో పట్టుకుని ఒక్క లాగు లాగింది. వాడు వెనక్కి పడి, సిమెంటు దిమ్మకు తల కొట్టుకున్నాడు. రెండోవాడు పరుగు.

నేను వెళ్లేసరికి వాడి తల ఆమె ఒళ్లో ఉంది. తన స్కార్ఫ్ ఉండచుట్టి గాయం మీద అదిమి పట్టుకుంది. ఆమె నోట్లోంచి రక్తం వాడి చొక్కా మీద కారుతోంది. వాడు "మమ్మీ, మమ్మీ" అని ఏడుస్తున్నాడు.

నేను వాణ్ణి తన్నబోయాను. అబద్ధం చెప్పను, చంపాలనే ఉంది.

"ఖడే ఖడే నిలబడి ఏం చూస్తున్నావురా?" అంది, ఆ విరిగిన దవడతోనే. "స్ట్రెచర్ తెమ్మను, జల్దీ."

వాడు బతికాడు. అలాగని కేసు వదల్లేదు అక్క. దవడకు తీగలు కట్టించుకుని, మాట్లాడలేక, స్టేట్‌మెంట్ మొత్తం చేత్తో రాసిచ్చింది.

తర్వాత మెల్లగా గాలి మారింది. పదికి పది ఇచ్చినవాళ్లలో కొందరు ఆ ఊళ్లు తగలబెట్టడం గురించి మళ్లీ మాట్లాడారు. కొన్ని నెలలకు ఒక అప్‌డేట్ వచ్చింది. అందులో గాయపడ్డవాళ్లు మూలుగుతారు, మనం దిగి కట్టు కట్టొచ్చు. మా వీడియో వల్లేనా అంటే నాకు తెలియదు.

అక్క మళ్లీ ఆడింది. "ఆరు" అంది.

"ఏడు ఎందుకు కాదక్కా?"

"గుర్రం ఇంకా గోడలో ఇరుక్కుంటోంది కదరా."

నిన్న సంగతి.

డ్యూటీ దిగి ఇంటికి వస్తోంది. టాటీబంధ్‌లో ఆమె ముందే ఒక బైక్ జారింది. బైక్ నడిపినతని తొడ చీలి రక్తం చిమ్ముతోందట. చుట్టూ జనం, చేతుల్లో ఫోన్లు. అక్క స్కూటీ ఆపి రోడ్డు మీద మోకాళ్ల మీద కూర్చుంది. అతని బెల్టే విప్పి తొడకు బిగించింది.

అక్కడుండే పండ్ల బండి ఆయన నాతో హిందీలో చెప్పాడు. "సిస్టర్ లేవండి, లారీ వస్తోంది అని అరిచాం. లేచింది. కానీ అతన్ని వదల్లేదు. డివైడర్ వైపు లాగుతూనే ఉంది."

అతను డివైడర్ చేరాడు. ఆమె చేరలేదు.

లారీ ఆగలేదు.

గుర్తుపట్టడానికి నన్ను పిలిచారు. చేతులు చూసి గుర్తుపట్టాను. ఇంక రాయలేను.

ఈ ఉదయం ఒకామె ఇంటికొచ్చింది. రాయ్‌పూర్ దగ్గర తిల్దాలో రైస్ మిల్లులో పనట. ఎవరో తెలియక అందరం చూస్తున్నాం. నేరుగా మా పెద్దమ్మ దగ్గరికి వెళ్లి కాళ్లు పట్టుకుంది.

"మేరా ఆద్మీ జిందా హై, అమ్మా."

నా భర్త బతికే ఉన్నాడు అని; నిన్న అక్క డివైడర్ చేర్చిన అతని భార్య. నిన్నటి నుంచి రాయిలా కూర్చున్న పెద్దమ్మ ఆమెను పట్టుకుని అప్పుడు ఏడ్చింది.

ఈ సాయంత్రం నాలుగింటికి సమాధి. రాగలిగినవాళ్లు రండి.

వెళ్లిరా అక్కా. ఆ దేవుడు నీ ఒంట్లో నొప్పంతా తీసేసి, నిన్ను హాయిగా పడుకోనివ్వాలి.