సుంకరి పోచన్న చూపని చేను

మా పెద్దబాపు పోచన్నకు లోకంలో రెండే తెలుసు: ఊరి హద్దురాళ్లు, కప్పపిట్టలు. మూడోది, తన బాగు, ఎన్నడూ తెలియలేదు. చచ్చినవాళ్లను తిట్టకూడదంటారు. నేను తిడతాను.

రాజూరా దగ్గర మా ఊరికి అతను సుంకరి. ఏ అధికారి వచ్చినా ముందు నడిచి ఏ చేను ఎవరిదో చూపడం అతని పని. జీతమంటూ లేదు, బదులుగా తాతలనాడు ఇచ్చిన రెండెకరాల రాళ్లచెలక ఉండేది. ఏటా ఎండాకాలం కప్పపిట్ట అందులోనే గుడ్లు పెట్టేది. గూడూ లేదు గీడూ లేదు, ఒట్టి నేల మీద రెండు గుడ్లు. పగలంతా ఎండుటాకు రంగులో కదలకుండా వాటి మీద పడుకునేది. పొద్దుగూకినాకే లేచి పురుగులు పట్టేది. కాలు మీద పడబోయేదాకా లేవదు. లేచిందా, రెక్క విరిగినట్టు నేల మీద ఈడ్చుకుంటూ మనిషిని గుడ్లకు దూరంగా తీసుకుపోతుంది. పిల్లలు ఎగిరిపోయేదాకా పెద్దబాపు అటు నాగలి పోనిచ్చేవాడు కాదు. ఊరంతా నవ్వేది.

మా తాలూకాను తెలుగు జిల్లా ఆదిలాబాదు నుంచి తీసి మరాఠీ వాళ్ల నాందేడులో, నాందేడు నుంచి చాందాలో పడేసిన ఏళ్లవి. చాందా నుంచి మరాఠీ అధికారి వచ్చి కొత్త కాగితాలు రాస్తాడని చాటింపు వేశారు: దున్నిన చేను దున్నినవాడి పేర, దున్ననిది సర్కారు పేర. చాటింది కూడా పెద్దబాపే. ఊరంతా మండుటెండలో పొడినేల గీకింది. పెద్దమ్మ మల్లమ్మ ఎడ్లు అడుక్కొచ్చి ఇంటి ముందు కట్టింది. తనకు మాలిన ధర్మం వద్దని మొత్తుకుంది. అతను ఎడ్లు విప్పలేదు. పిట్ట పొదగబట్టి వారమే అయిందట.

అధికారి వచ్చిన రోజు, ఆ చెలక దగ్గరపడగానే మహానుభావుడు కుంటడం మొదలుపెట్టాడు. ముల్లు దిగిందని, అటంతా రాళ్లేనని చెప్పి, కాలీడ్చుకుంటూ వాళ్లను వాగు దారి పట్టించాడు. అందరి చేలూ చూపినవాడు తన చేను ఒక్కటే చూపలేదు. అధికారి దాన్ని సర్కారు బీడుగా రాసుకున్నాడు. సుంకరి చెలక ఎవరిదో ఊరికి తెలియదా, కాగితమెందుకు అన్నాడట పెద్దబాపు ఇంటికొచ్చి.

ఊరికి తెలుసు. పటేలు కనకరాజుకు ఇంకా బాగా తెలుసు. చాందాకు రెండుసార్లు తిరిగి ఆ బీడును తన పేర రాయించుకున్నాడు. పెద్దబాపు సాక్ష్యం అడిగితే ఊళ్లో ఒక్కడూ ముందుకు రాలేదు. మరుసటి ఎండాకాలం దాన్ని దున్నడానికి కూలికి పెద్దబాపునే పిలిచాడు. ఇంట్లో గింజ లేదు. పోయాడు.

మూడో సాలులో పిట్ట లేచింది. రెక్క ఈడ్చుకుంటూ ఎడ్ల ముందు పడింది. ఎడ్లకు పిట్టతో ఏం పని, అవి సాలు వెంట పోతాయి. పెద్దబాపు వాటిని ఆపాడు. గుడ్లు రెండడుగుల దూరంలో ఉన్నాయి. గట్టు మీద కనకరాజు గొడుగు పట్టుకుని నిలబడ్డాడు.

"ఏంది పోచిగా, ఆగినవ్? ఇంకా నీ చెలకే అనుకుంటున్నవా?"

పెద్దబాపు పెద్దమ్మ వైపు చూశాడు. ఆమె అంబలి తెచ్చి గట్టు కింద నిలబడింది. పక్కకు తిప్పమని ఆమె ఒక్కమాట అంటే తిప్పేవాడే. ఈ సంగతి నాకు చెప్పింది ఆమే, కళ్లు తుడుచుకోకుండా.

"పోయినేడు దున్నకపోతివి," అంది పెద్దమ్మ. "ఇయ్యాల దున్ను."

దున్నాడు. గుడ్లు మట్టిలో కలిసినా తెలియక, పిట్ట సాలు చివరిదాకా ఎడ్ల ముందు రెక్క ఈడుస్తూనే ఉంది.