దేవుడి ముంత

యుద్ధం రోజులు. కిరసనాయిలు కూడా కంట్రోలులో దొరికే కాలం. మా పల్లెలో విశ్వాసుల ఇళ్లలో ఆడవాళ్లు పొయ్యి వెలిగించే ముందు పిడికెడు జొన్నలు తీసి ఒక ముంతలో పోసేవాళ్లు. దాన్ని దేవుడి ముంత అనేవాళ్లం. గురజాల మిషను నుంచి అయ్యగారు వచ్చిన ఆదివారం దాన్ని ప్రార్థన పాకలో ఒంపాలి.

నేనూ, నా తోడికోడలూ ఒకే వసారాలో రెండు పొయ్యిల మీద వండుకునేవాళ్లం. నా ముంత ఎప్పుడూ నిండుగానే వెళ్లేది. దానిది సగం దాటగా నేను చూడలేదు.

బాప్తిస్మానికి ఇద్దరమూ పేర్లు ఇచ్చాము. మా ఇంట్లో ముందు నేనే వాగులో దిగాలని నా పంతం. పెద్దకోడలిని. రెండో తరగతి దాకా బడికి పోయినదాన్ని. పది ఆజ్ఞలూ చేలో కలుపు తీస్తూ వల్లించి నోటికి తెచ్చుకున్నాను. దానికి అక్షరం రాదు. మూడో ఆజ్ఞ దగ్గరే తప్పిపోయి నవ్వేసేది.

పరీక్ష నాడు అయ్యగారు చాప మీద కూర్చుని, "పరలోక రాజ్యంలోకి ఎట్లా పోతావమ్మా?" అని నన్ను అడిగారు. ఆజ్ఞలన్నీ తప్పు లేకుండా అప్పజెప్పాను. నా ముంత సంగతి కూడా చెప్పాను. ఆయన తల ఊపారు.

తర్వాత దాన్ని అడిగారు. దాని చంకలో చిన్నవాడు.

"నాకేం రాదయ్యా. వీడేం అప్పజెప్పి నా సంకెక్కాడు? చేతులు చాపాడు, ఎత్తుకున్నా. నేనూ చాపా. ఆయనే ఎత్తుకుంటాడు."

ఆడవాళ్లు నవ్వారు. అయ్యగారు నవ్వలేదు, దాని వంకే చూస్తూ ఉండిపోయారు. నన్ను అట్లా చూడలేదు. నా కడుపు భగ్గుమంది.

"అయ్యా, ఇది దేవుడి ముంతలోంచి తీసి వండుకుంటది. నా కళ్లారా చూశా, అడగండి!"

"తీశానయ్యా," అంది అది, తడబడకుండా. "పిల్లోడికి గంజి లేకపోతే ఆయన్నడిగే తీశా. అక్కనడగాలంటే చానా బయ్యం."

"అక్క కంటే దేవుడే మెత్తనంటావేందే!" అని వెనక నుంచి ఒక ముసలమ్మ అనేసరికి పాకంతా ఘొల్లుమంది.

అయ్యగారు దానికి వచ్చే ఆదివారం అన్నారు. నాకు, "పై నెల చూద్దాంలే అమ్మా" అన్నారు.

అది వాగులో మునుగుతుంటే గట్టు మీద దాని బిడ్డను ఎత్తుకుని నిలబడ్డాను. దేవుడి గడప అంత తేలికైతే, నేను పోసిన పిడికిళ్లన్నీ ఎటు పోయినట్టు? అది చలికి వణుకుతూ, నవ్వుతూ పైకి వచ్చి "తే అక్కా" అంది. బిడ్డను ఇచ్చాను. నవ్వలేదు.

ఆ నెలంతా కలుపు తీస్తూ దాని మాట కంటే మంచి మాట కోసం వెతికాను. దొరకలేదు.

అయ్యగారు మళ్లీ వచ్చి అదే ప్రశ్న అడిగారు. ఆజ్ఞలు నాలుక చివరే ఉన్నాయి. అది గుమ్మంలో నిలబడి వింటోంది.

"ఇది చెప్పిందేనయ్యా. నా దగ్గర అంతకు మించి లేదు."

అంత బరువైన మాట నా నోట మరెప్పుడూ రాలేదు. అయ్యగారు పుస్తకం మూశారు.

ఆ ఆదివారం నేనూ మునిగి వాగులోంచి ఎక్కుతుంటే కాలు జారింది. గట్టు మీద నా పొడిచీర పట్టుకుని నిలబడిన నా తోడికోడలే చెయ్యి చాపింది. అక్కడా నాకంటే ముందే ఉంది. కడుపు మండుతూనే ఉంది. అయినా పట్టుకున్నాను.